కన్ను లేని చిలక

మా తాత రామాంజనేయులు కూర్చున్నా నడుస్తూనే ఉంటాడు. సోఫాలో కూర్చుంటే కుడికాలు కిందికి, ఎడమకాలు పైకి. మరుక్షణం ఎడమ కిందికి, కుడి పైకి. ఆనేకల్‌లో చిన్నప్పుడు పట్టు మగ్గం తొక్కిన కాళ్ళవి. తరవాత ముప్పై ఏళ్ళు మగ్గం దిగి గ్రాఫ్ కాగితం మీద చీరల డిజైన్లు గీశాడు గానీ, దిగిన సంగతి కాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ఆ పని కంప్యూటర్లకు పోయాక మారతహళ్ళిలో మా ఇంటికి వచ్చాడు. వచ్చిన రెండేళ్ళలో మూడు జతల చెప్పులు అరగదీశాడు. ఆయన తిరుగుతుంటే చూసేవాళ్ళకు కళ్ళు తిరుగుతున్నాయని అమ్మ రోజూ మొత్తుకునేది.

మా పైఅంతస్తులో అద్దెకుండే తేజస్ ఇంట్లో ఆదివారం మధ్యాహ్నాలు ఒక ఆట జరుగుతుంది. ఒకరు ఒక లోకాన్ని కల్పించి చెబుతారు. మిగతావాళ్ళు తలా ఒక మనిషిని కల్పించుకుని ఆ లోకంలో మాటలతోనే తిరుగుతారు. తలుపు పగులుతుందా, పాము కాటేస్తుందా అన్నది పాచికలు తేలుస్తాయి. తేజస్, హరిణి, అభిజిత్ ముగ్గురూ సాఫ్ట్‌వేర్ వాళ్ళు. నేను రెండో పీయూసీ, అంటే ఇంటర్ రెండో ఏడాది, రెండుసార్లు తప్పినదాన్ని, అయినా గొడ్డలి పట్టిన నా వీరురాలంటే ముగ్గురికీ హడలే. అమ్మకు కాస్త ఊపిరాడుతుందని ఒక ఆదివారం తాతను కూడా పైకి లాక్కుపోయాను.

హరిణి ఓపిగ్గా అడిగింది, మీ మనిషికి బలం ఎంత, తెలివి ఎంత, వేగం ఎంత అని. పంచుకోవడానికి కొన్ని మార్కులే ఉంటాయి.

"బలమొద్దు, తెలివొద్దు. అన్నీ కాళ్ళకే వెయ్యమ్మా," అన్నాడు తాత.

అలా పుట్టినవాడు సుంకన్న. నలభై ఏళ్ళు మగ్గం గుంటలో కూర్చుని, ఒకరోజు లేచి, ఇక ఈ జన్మలో కూర్చోనని ఒట్టు పెట్టుకున్న నేతగాడు. యుద్ధం మొదలైతే అందరికంటే ముందు పారిపోయేవాడు. మేము దెబ్బలు తిని పక్క ఊరు చేరేసరికి అక్కడి సంతంతా చూసేసి ఎదురొచ్చేవాడు.

నాలుగో వారానికి తాతకు వేరేవాళ్ళ లోకంలో తిరగడం చాలలేదు. తేజస్ తన లోకానికి గీసిన పటం గళ్ళ కాగితం మీద ఉండేది. నిండిన గడి గోడ, ఖాళీ గడి దారి. అది గ్రాఫే కదప్పా, నా పనే కదా అని, ఎర్ర సిరా కొనుక్కొచ్చి నీళ్ళలో మునిగే కోటను గీశాడు. గదులు, బావులు, మెట్లు, ఎంత అందంగా వచ్చాయో. కానీ చీర డిజైను గీసే చెయ్యి కదా. ఒకవైపు గీసి దాన్నే తిప్పి రెండోవైపు దించేశాడు. ఎడమవైపు బావి ఉంటే కుడివైపూ బావి ఉంటుందని తేజస్ రెండో మలుపులోనే పట్టేశాడు. అరగంటలో నిధి దొరికిపోయింది. బాగుంది తాతా అన్నారు ముగ్గురూ. అంత మర్యాదగా అనేసరికి తాతకు అర్థమైపోయింది. అభిజిత్ అప్పటికే ఫోను చూసుకుంటున్నాడు. ఇంకొక్క ఆదివారం తాత కోటలో ఆడి, ఆ తరవాత అభిజిత్ లోకానికి మారదామని తేల్చారు.

ఆ వారం మా ఇంట్లో ఎవరికీ కుదురు లేదు. సోమవారం తాత అయిదు కాగితాలు చించాడు. వంకరగా గీయాలని కూర్చున్నా వంకర కూడా రెండువైపులా ఒకేలా వచ్చేది. మంగళవారం మారతహళ్ళి సందులన్నీ తిరిగొచ్చాడు. ఒక సందుకూ ఇంకో సందుకూ పోలికే లేదు, ఎంత బాగా కట్టినారో అని మెచ్చుకున్నాడు. ఆ సందుల్ని ఇంతవరకు మెచ్చుకున్న మనిషి ఆయనొక్కడే. గురువారం చెప్పకుండా బస్సెక్కి ఆనేకల్ వెళ్ళి, వాళ్ళ పెద్దక్క ఇంటి అటక మీంచి పాత ట్రంకుపెట్టె దింపించి, చుట్టచుట్టిన కాగితం ఒకటి తెచ్చాడు.

విప్పితే ఎదురెదురుగా రెండు చిలకలు. వాటి కథ నాకు తెలుసు, పోయిన మా అవ్వ గుట్టుగా చెప్పింది. అది పెళ్ళిచీర కొంగు డిజైను. చిలక కన్నంటే ఒక్క ఖాళీ గడి. కుడి చిలకకు తాత ఆ గడిలో కూడా ఎర్రరంగు నింపేశాడు. గీసింది గీసినట్టే మగ్గాన్ని నడిపే అట్టలకు చిల్లులు గుద్దారు, గుద్దింది గుద్దినట్టే నేశారు. పన్నెండు చీరలు దిగాక గానీ ఎవరూ చూడలేదు. షావుకారు నలుగురిలో గుడ్డిచిలక రామాంజి అన్నాడు. ఆ పేరు పదేళ్ళు వదల్లేదు. తాత మాత్రం ఎన్నడూ ఆ మాట ఎత్తడు.

నా నోరు ఊరుకోదు. "తాతా, కుడివైపు దానికి కన్ను లేదే," అన్నాను.

"ఉండనీ అమ్మణ్ణీ. నేను రెండోపక్క వేరేగా గీసింది అదొక్కటే."

ఆదివారం ఆ చిలకలే కోట అయ్యాయి. ఎడమ చిలక కంట్లో తాళంచెవి దొరికింది. అక్కడి గోడను నేను గొడ్డలితో కొడితే ఆ కంట్లోంచి నిప్పు ఎగజిమ్మి నా వీరురాలి జడ సగం కాలింది. తాళంచెవి ఎడమ చిలక కంట్లో ఉంటే తలుపు కుడి చిలక కంట్లోనే ఉంటుందని తేజస్ నవ్వుతూ అందర్నీ అటు పరిగెత్తించాడు. కోటలో నీళ్ళు పెరుగుతున్నాయి. తీరా వెళ్తే కన్ను లేదు, గోడ ఉంది.

తేజస్ కాగితం వైపు వంగి చూశాడు. "తాతా, ఇక్కడ ఒక గడి మిస్టేక్ అయినట్టుంది."

బల్ల కింద తాత కాళ్ళు మగ్గం తొక్కుతున్నాయి. పాత కాగితం, సిరా పాకి ఉంటుందని సర్దబోయాను. తాత చెయ్యెత్తి నన్ను ఆపాడు.

"తప్పేనప్పా. ఈ కోట కట్టినోని తప్పు. కట్టినోడు నేనే. ఊరంతా నవ్వినారు. గోడ మాత్రం అట్లనే ఉండాది. నీళ్ళు మీ మోకాళ్ళకొచ్చినాయి. ఏం జేస్తారో చెప్పండి."

ఎవరూ నవ్వలేదు. అభిజిత్ ఫోను బోర్లా పెట్టాడు. తేజస్ గళ్ళు లెక్కపెట్టాడు, వెనక్కి పోదామన్నాడు, వెనక్కి దారి మునిగింది. గంటసేపు ఒకరి మాట ఒకరు వినకుండా వాదించుకున్నారు. దీనికి జవాబు తాత దగ్గర కూడా లేదని నాకొక్కదానికే తెలుసు. నీళ్ళు నడుముకు, తరవాత మెడకు వచ్చాయి.

అప్పుడు హరిణి నెమ్మదిగా అంది. "అటు గోడను కొడితే చిలక చూసింది, నిప్పు కక్కింది. ఇది గుడ్డిది కదా తాతా. ఇక్కడ కొడితే చూసేదెవరు?"

తాత ఆ ఎర్ర గడి మీద వేలు పెట్టాడు. నేను పడిపోయిన పెన్సిలు కోసం వంగినట్టు బల్ల కిందికి తొంగి చూశాను. రెండు పాదాలూ నేలకు అంటుకుని ఉన్నాయి. ఆ పాదాల్ని అలా నేనెప్పుడూ చూడలేదు.

"పాచిక వెయ్యి అమ్మణ్ణీ," అన్నాడు నాతో.

గోడ పగిలింది. అవతల ఏముందని ముగ్గురూ ఒకేసారి అడిగారు. అవతల కాగితం అయిపోయింది. అభిజిత్ తన లోకానికి తొందరేం లేదు, ముందు ఇది తేలనీ అన్నాడు. తాత అప్పటికే లేచాడు. పెద్ద గళ్ళ కాగితం ఏ అంగట్లో దొరుకుతుందని అడుగుతూనే మెట్లు దిగిపోతున్నాడు. చెప్పులు తేజస్ గుమ్మంలోనే ఉన్నాయి. నాలుగో జత. అవి పట్టుకుని నేను వెనకాల పరిగెత్తాను.