గైర్ ముల్కీ అన్న మాటకు అర్థం

1958లో నన్ను మహబూబ్‌నగర్ కలెక్టరు కచేరీ తర్జుమా శాఖలో జూనియర్ అనువాదకురాలిగా వేశారు. హైదరాబాద్ రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లో కలిసి ఎంతో కాలం కాలేదు. పాత రికార్డంతా ఉర్దూలో ఉంది, పై కచేరీలకు అది ఇంగ్లిషులో కావాలి. ముందుగా ఉద్యోగుల సర్వీసు పుస్తకాలు ఇంగ్లిషులోకి తిప్పమన్నారు. ఒకరు తర్జుమా చేస్తే ఇంకొకరు మూలంతో పోల్చి చదివేవారు. చివర హెడ్ ముతర్జిం, అంటే ప్రధాన అనువాదకుడు, సంతకం పెట్టేవారు. సంతకం పడ్డాక మూలం రికార్డు గదికి పోయేది. ఆ తర్వాత ఎవరు చూసినా ఇంగ్లిషు కాగితమే చూస్తారు.

శాఖలో ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఎవరైనా పలకరిస్తే జవాబు గొంతు దాటేది కాదు. అనవలసిన మాటలు సాయంత్రం డైరీలో రాసుకునేదాన్ని. నాతోపాటు అదే కిరాయి గదిలో మెహరున్నీసా ఉండేది. కొల్లాపూర్ బడిలో ఇద్దరం ఒకే బెంచీ. ఆమె సర్కారు దవాఖానలో నర్సు, కాన్పులకు ఇళ్లకు కూడా వెళ్లేది. వాళ్ల నాయిన గిన్నెలకు కళాయి పూసేవాడు. మెహర్ చంటిపిల్లగా ఉన్నప్పుడు కర్నూలు జిల్లా నుంచి కృష్ణ దాటి వచ్చి కొల్లాపూర్‌లో నిలిచిపోయాడు. దేశం విడిపోయినప్పుడు ఆమె అన్న ఒక్కడు కరాచీ వెళ్లిపోయాడు.

ఒకరోజు జవాను వచ్చి మెహర్ చేతికి నోటీసు ఇచ్చిపోయాడు. ఆమె పాస్‌పోర్టు లేకుండా ఉంటున్న విదేశీయురాలట. నెలలోపు దేశం విడిచి వెళ్లాలి, అంతవరకు ప్రతి సోమవారం ఠాణాలో హాజరు వేయించుకోవాలి.

"కృష్ణ దాటొచ్చినమని మా అమ్మ చెప్పింది గని, సముద్రం దాటొచ్చినమని ఎన్నడు చెప్పలే సుశీలా" అంది. నవ్వబోయి, మానుకుంది.

ఠాణా అధికారి అమీన్ సాబ్ మర్యాదగానే మాట్లాడాడు. "గీ కాగితం మాది కాదమ్మా, కచేరీది. అండ్ల ఫారినర్ అనే రాసున్నది. మీ అన్న కరాచీకి పాయెనంటివి. నన్నేం జెయ్యమంటవు?"

మర్నాడు రికార్డు గదిలో మెహర్ సర్వీసు పుస్తకం తీయించాను. పుట్టిన చోటు గడిలో ఊరి పేరు ఉంది, జిల్లా లేదు. పక్క గడిలో 'గైర్ ముల్కీ' అని ఉంది. నిఘంటువులో ఆ మాటకు విదేశీయుడనే అర్థం. హైదరాబాద్ రాష్ట్రంలో మాత్రం దాని వాడుక వేరు. ముల్కీ అంటే రాష్ట్రం మనిషి, సర్కారు నౌకరీ మొదట అతనికే. రాష్ట్రం బయట పుట్టినవాళ్లు, కర్నూలువాళ్లయినా కాశీవాళ్లయినా, గైర్ ముల్కీలు. వాళ్లను ప్రత్యేక అనుమతితో తీసుకునేవారు. మద్రాసు సర్వీసు నుంచి కొత్తగా వచ్చిన అనువాదకుడు పుస్తకాల్లో నేర్చిన ఉర్దూతో ఆ మాటను విదేశీయురాలని తిప్పాడు. పోల్చి చదివినవాడు ఆగలేదు. హెడ్ ముతర్జిం మిగతా కట్టలతోపాటు చదవకుండానే సంతకం చేశారు.

మెహర్ పుట్టిన ఊళ్లో పుట్టుకలు రాసిపెట్టినవాళ్లు లేరు. కనుక మిగిలిన దారి ఒక్కటే. సంతకం చేసిన అధికారి తప్పు ఎలా జరిగిందో రాసి, దిద్దుబాటు స్లిప్పు ఇవ్వాలి.

హెడ్ ముతర్జిం రాఘవరావు గారి బల్ల మీద రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి నిలబడ్డాను. ఆయన చూసీ చూడగానే గ్రహించారు.

"గైర్ ముల్కీ అంటే ఏందో నాకు జెప్పాల్నా బిడ్డా? తెల్సు. గని సంతకం నాది. గిదొక్కటి తప్పని రాసిస్తే నేను సంతకం వెట్టిన కట్టలన్ని విప్పమంటరు. ఏడాది తిరగకముందే రిటైరయితున్న, పెన్షన్ ఆపుతరు. మీ దోస్తును వకీలు తాన్కి పొమ్మను."

వెనక బల్ల దగ్గర ఎవరో, "గా పిల్ల మాట్లాడినప్పుడు గద నువ్వు ఫికర్ పడాలె, రావ్ సాబ్" అన్నారు. ఇద్దరు నవ్వారు. నేను కాగితాలు తీసుకుని నా చోటికి వచ్చేశాను.

ఆ సోమవారం ఠాణా నుంచి మెహర్ ఒక కాన్పుకు వెళ్లింది. నెలలుగా తానే చూస్తూ వచ్చిన మనిషి. గడపలోనే అత్తగారు అడ్డం నిలబడి, "పాకిస్తాన్ నర్సమ్మ మాకొద్దు, ఇంకో ఆమెకు చెప్పినం" అందట. గదికి వచ్చి మెహర్ పెట్టె సర్దడం మొదలుపెట్టింది.

"ఎక్కడికే?" అన్నాను.

"ఏమో. పొమ్మన్నోళ్లే దారి గూడ జూపియ్యాలె."

మర్నాడు మళ్లీ రాఘవరావు గారి ముందు నిలబడ్డాను. ఆయన పుట్టింది కర్నూలు దగ్గర అని శాఖలో అందరికీ తెలుసు. ఆ మాట ఆయనే గర్వంగా చెప్పుకునేవారు.

"సార్, మీ సర్వీసు పుస్తకం తర్జుమాకు నా వంతుల వచ్చింది" అన్నాను. "ముల్కీ గడిల ఏమున్నది సార్?"

శాఖలో కలాలు ఆగిపోయాయి.

"గైర్ ముల్కీ" అన్నారు ఆయన. "నన్ను ఏమని రాస్తవు?"

"మీరే చెప్పాలె, సార్."

ఆయన కోపగించుకోలేదు. మెహర్ కాగితం అడిగి తీసుకుని, ఊరి పేరు చదివి, "గీ ఊరు నాకెరుకే" అన్నారు. దిద్దుబాటు స్లిప్పు తన చేత్తోనే రాశారు. ఆ ఊరు కర్నూలు జిల్లాలోనిదని, మాటకు అర్థం పాత రాష్ట్రం వెలుపల పుట్టిన మనిషి అని, పొరపాటు తనదని. తరువాత కట్టలన్నీ తెప్పించి, "నువ్వు మూలం చదువు, నేను ఇంగ్లిషు జూస్త" అన్నారు. ఆ పోల్చడంలో అదే తప్పు మరికొందరి కాగితాల్లోనూ దొరికింది. వారిలో పాత జమేదారు ఒకాయన నోటీసు అందగానే భయపడి, కరాచీ ఓడ ఎక్కడానికి బొంబాయి వెళ్లిపోయాడు. మా స్లిప్పు తాళం వేసిన ఇంటికి చేరింది.

మెహర్ నోటీసు రద్దయింది. రాఘవరావు గారి పెన్షన్ విచారణలో పడి ఆలస్యంగా వచ్చింది. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. ఊళ్లో మెహర్‌కు పడ్డ పేరు మాత్రం పోలేదు. కాన్పులకు ఎవరూ పిలవలేదు. నందికొండ దగ్గర కృష్ణ మీద కడుతున్న ఆనకట్ట పనివాళ్ల దవాఖానకు బదిలీ అడిగి వెళ్లిపోయింది. అక్కడ అందరూ కొత్తవాళ్లే.

ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా మనిషి ఏ చోటివాడో, ఏ హక్కు గలవాడో చెప్పే మాటను తర్జుమాలో మార్చకుండా అలాగే ఉంచి, వాడుకలోని అర్థాన్ని కింద రాశాను. పై అధికారులు అది మా పద్ధతి కాదని రెండుమూడుసార్లు మందలించారు. నేను మానలేదు. నిఘంటువు మాటకు అర్థం చెబుతుంది. ఆ కాగితం చదివినవాడు దానితో ఎవరిని ఏం చేయగలడన్నది అనువాదకుడే ముందుగా ఆలోచించుకోవాలి.