నువ్వు చూసినవా ముత్తమ్మా

“గన్ అప్పజెప్పిండ్రా?”

“షాపులోనే ఇచ్చొచ్చినం సార్.”

“ఖాళీదేనా?”

“ఖాళీదే.”

“ఎవరు చెప్పిండ్రు?”

“ఎవరు చెప్పుడేంది సార్, నేనే చూసిన.”

దవాఖానలో యోహాను సార్‌తో నా ఆఖరి మాటలవి. అది విని సార్ నవ్వి కళ్లు మూసుకున్నారు. ఇవాళ మా తమ్ముడి బిడ్డ స్వరూప కుట్టుమిషనుకు నూనె పోస్తుంటే ఆ వాసనకు సార్ రివాల్వరు గుర్తొచ్చింది. నాకు అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు. అందుకని మిషను పక్కన పెట్టించి ఆ పిల్లతోనే రాయిస్తున్నాను.

నా పెనిమిటి రాళ్ల క్వారీలో పోయాడు. రాళ్లు పగలేసే మందు మొత్తం పేలిందని ఎవరో కేకేస్తే నమ్మి లోపలికి నడిచాడు. ఒక రంధ్రంలో పేలకుండా మిగిలిన మందు అప్పుడు పేలింది. ఊళ్లోవాళ్లు మాత్రం నా కాలు మంచిది కాదన్నారు. అంటూ అంటూ ఉంటే నేనూ అంతే అనుకున్నాను.

తర్వాత మణుగూరు దగ్గర బొగ్గు బాయి రోడ్డు మీద కాంట్రాక్టు గార్డు పని దొరికింది. బ్లాస్టింగ్ ముందు ఎర్రజెండా పట్టి బండ్లను ఆపాలి. మొదటి చప్పుడుకే జెండా పారేసి అడవిలోకి ఉరికాను. మా సూపర్‌వైజరే యోహాను సార్, మిలిటరీలో చేసి వచ్చిన మనిషి. తిట్టలేదు. “ఇంకోసారి ఉరికితే పని నా చేతుల ఉండదు” అని మాత్రం అన్నారు. ఆ పని పోతే నాకు పొయ్యి వెలగదు.

ఆ వారమే సార్ గురి ప్రాక్టీసుకు ఒక పాత రివాల్వరు కొనడానికి ఖమ్మం బయలుదేరారు. లైసెన్సు ఉంది, కానీ దగ్గరి చూపు ఆనదు. “నీ కండ్లు కావాలె, నడువు” అన్నారు. తోడుగా ఆయన భార్య మరియమ్మ కూడా వచ్చింది.

షాపాయన రెండు రివాల్వర్లు బల్ల మీద పెట్టాడు. ఒకటి వెండిలా మెరుస్తోంది, ఇంకొకటి పొయ్యిమీది కుండలా నల్లగా ఉంది. నేను మెరిసేదాని వైపు వేలు చూపించాను.

“సంతల ముసలెద్దు కొమ్ములకే నూనె ఎక్కువ రాస్తరు” అని నవ్వారు సార్. “ముందు తూటాల చక్రం తెరువు.”

“ఖాళీదే సార్, పొద్దుగాల నేనే చూసిన” అన్నాడు షాపాయన.

“ఆయన చూసిండు. నువ్వు చూసినవా ముత్తమ్మా?”

“ఆయన చెప్పిండు గద సార్.”

“మీ ఆయనకు గూడ ఎవరో చెప్పిండ్రు గద.”

“ఏం మాటయ్యా అది, ఆడమనిషి ముందర!” అని మరియమ్మ గద్దించింది. సార్ మాట వెనక్కి తీసుకోలేదు. నేను చక్రం తెరిచాను. ఆరు రంధ్రాలు, ఆరింట్లోనూ అవతలి వెలుతురు. అది చూస్తుంటే ఏళ్లుగా గుండె మీదున్న బండ జరిగినట్టైంది. నా కాలు కాదు, నా రాత కాదు. ఆ రోజు ఎవరూ పోయి చూడలేదు, అంతే.

నల్లదాని చక్రం కూడా తెరిచి చూశాక, గొట్టాల్లోకి చూడమన్నారు. మెరిసేదాని లోపల అమ్మవారు పోసిన మొహంలా గుంటలు. నల్లదాని లోపల తోమిన చెంబులా నున్నగా, సన్నటి మెలికల గీతలు. సార్ దాని చక్రాన్ని ఊపి చూశారు, వదులు లేదు. నల్లదే తీసుకున్నారు.

ప్రాక్టీసు మైదానంలో సార్ నన్ను వెనక నిలబెట్టి, “నువ్వు చెప్పినంకనే కొడ్త” అన్నారు. చివరికి “కొట్టు సార్” అన్నాను. పేలింది. ఉలిక్కిపడ్డాను గానీ కాళ్లు కదల్లేదు. మళ్లీ చెప్పాను, మళ్లీ పేలింది. ఆ చప్పుడు నా మాట వింటోంది!

మరియమ్మ మూతి తిప్పింది. “పెండ్లయినకాంచి నా మాట ఒక్కటి ఇనలే. ముత్తమ్మ చెప్తే మాత్రం జల్దీ ఇంటుండు.”

ముగ్గురం కడుపు పట్టుకుని నవ్వాం. నా పెనిమిటి పోయాక అలా నవ్వడం అదే మొదలు.

తర్వాతి బ్లాస్టింగుకు జెండా పట్టుకుని నిలబడ్డాను. దుమ్ము అణగకముందే లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. “అయిపోయింది అక్కా, జెండ దించరాదూ!”

“నువ్వు పోయి చూసినవా?” అన్నాను.

మందు పెట్టినాయన లోపలంతా తిరిగి, నా దగ్గరికొచ్చి “చూసిన” అన్నాకే దించాను. పని మానేదాకా అదే పద్ధతి. డ్రైవర్లు తిట్టుకున్నారు, కానీ నా రోడ్డు మీద నుంచి అందరూ ఇంటికే పోయారు. ఇవాళ్టికీ గ్యాస్ మీట చేత్తో తిప్పి చూసుకుంటేనే నాకు నిద్ర.

ఏం స్వరూపా, రాసుడైందా? “నువ్వు చెప్పినట్టే రాసిన అత్తా” అంటున్నవా? నమ్మక కాదు బిడ్డా. సార్ ఉంటే అడుగుతడు, “నువ్వు ఇన్నవా ముత్తమ్మా?” అని. ఏదీ, మొదటికెల్లి చదువు.