చీరలు కప్పుకున్న తోట

మా పెద్దమ్మ పోయిందని మొన్న మంగళవారం పొద్దున ఆమె కూతురు, మా అక్క ఫోన్ చేసి చెప్పింది. "అమ్మ పోయింది రా. తోటలోనే. చెట్టుకానుకొని కూర్చున్నట్టే ఉండాది, పిలిస్తే పలకలే" అంది. నేను అప్పుడు మార్కాపురంలో బడికి బయల్దేరుతున్నాను. ఏడుపు వెంటనే రాలేదు. ముందు భయం వచ్చింది, ఇప్పుడా తోటకు పోవాలి కదా అని. పిల్లలకు సైన్సు చెప్పి బతికేవాణ్ని, ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

గిద్దలూరు దాటి నల్లమల వైపు పోతే మా ఊరు. కంది, మిరప తప్ప ఇంకోటి ఎరగని నేల. పెదనాయన పోయిన తర్వాత పెద్దమ్మ ఊరివాళ్లతో కలిసి యాత్రకు పోయి, తిరుగుదారిలో ఎక్కడో అవకాడో తోట చూసింది. అంతే, అది నెత్తికెక్కింది. వెన్నపండు అనేది దాన్ని. బెంగళూరు పక్క నర్సరీ నుంచి నలభై అంటుమొక్కలు తెప్పించింది.

"మన ఎండకు మాడి చస్తాయి పెద్దమ్మా" అన్నాను.

"నువ్వు మాడినావా? అవీ మాడవులే" అంది.

లేత మొక్కకు నీడ కావాలి. షేడ్‌నెట్ కొనే బదులు ఆమె ఊరంతా తిరిగి పాత చీరలు అడిగింది. కట్టుకునే చీర ఎవరిస్తారు? మా ఊళ్లో చనిపోయిన ఆడమనిషి చీరలు ఇంట్లో ఉంచుకోవడానికి జంకుతారు. ఏం చెయ్యాలో తెలియక అటకల మీద పెట్టిన ఆ మూటలన్నీ పెద్దమ్మకు చేరాయి. మొక్క చుట్టూ నాలుగు కర్రలు పాతి, పైనుంచి చీర కప్పింది. రోడ్డు మీద నుంచి చూస్తే నలభై మంది ఆడవాళ్లు ముసుగేసుకొని చేలో కూర్చున్నట్టుండేది. బస్సులో వాళ్లు గుర్తుపట్టేవాళ్లు కూడా. అదిగో ఆ పచ్చంచుది మా అత్తది, ఆ కాఫీరంగుది మా అక్కది అని గొంతు తగ్గించి చెప్పుకునేవాళ్లు. గాలి లేని మధ్యాహ్నం కూడా ఏదో ఒక కొంగు కదిలేది. డ్రిప్పు తడికి చేరిన తొండ అయి ఉంటుంది. అట్లా అనుకుంటూనే నేను తల తిప్పుకునేవాణ్ని.

పెద్దమ్మ మాత్రం వాళ్లను పలకరించేది. "ఏమమ్మా, నీళ్లు చాలినాయా?" అనేది. మొక్కను అడిగేదో, చీరను అడిగేదో తెలిసేది కాదు. నా భయం ఆమెకు పెద్ద వేళాకోళం. పూత వచ్చిన ఏడాది నన్ను చెయ్యి పట్టి లాక్కుపోయి చూపించింది. "ఈ పువ్వు ఈరోజు ఆడదిగా విచ్చుకొని మూసుకుంటాది. రేపు మళ్లా మగదిగా లేస్తాది. దీన్ని జూసి భయపడవు గానీ, గుడ్డపేలికలకు భయపడతావా?" అంది. తర్వాత పుస్తకాలు తిరగేస్తే ఆమె చెప్పిందే నిజం.

కాయలు కాశాయి. "ఇది చెట్టు మీద ఉన్నంతకాలం పండదు రా, ఎన్ని నెలలైనా రాయే. కోసి ఇంట్లో పెట్టినాకనే మెత్తబడతాది" అనేది. పచ్చిమిరపకాయలేసి పచ్చడి నూరి అందరికీ పంచింది. ఉప్పేసిన వెన్నలా ఉందని మొహాలు చిట్లించారు. నేను మాత్రం రెండుసార్లు వడ్డించుకున్నాను.

ఆ మరుసటి వేసవిలో గాలివానకు కొమ్మలు విరిగాయి. మా వైపు పచ్చటి మండ నేలపాలు చేయడమంటే అన్నం పారబోసినట్టే. ఎండల్లో ఎక్కడా పచ్చాకు లేదు. పక్క చేను చిన్నమ్మకు పన్నెండు మేకలు. వరసకే చిన్నమ్మ, కానీ పెద్దమ్మకు సొంత చెల్లెలి కన్నా ఎక్కువ. ఆమెను పిలిచి మరీ, మండలన్నీ మేకల మేతకని తన చేత్తోనే గట్టు దాటించింది పెద్దమ్మ. మూడో రోజుకు మేకల పాలు ఎండిపోయాయి, పొదుగులు గట్టిపడ్డాయి. తర్వాత మెడలు వాచి, నాలుగు మేకలు నిలబడ్డ చోటే కూలిపోయాయి.

ఊరు ఒక్క పూటలో తేల్చేసింది. చీరలోళ్లు తీసకపోయినారు అన్నారు. చీరలు అప్పటికే చివికి పేలికలయ్యాయి, అయినా వాళ్లు అక్కడే ఉన్నారన్నారు. తోట నరికేయాలని పెద్దలు కూర్చున్నారు.

పెద్దమ్మ నాకు ఫోన్ చేసింది. "ఏందిరా ఇది? నీ సైన్సులో ఏమన్నా ఉండాదా?" ఆమె గొంతు వణకడం నేను వినడం అదే మొదలు. పశువుల డాక్టరును అడిగాను. ఆ ఆకు మేకలకు విషమని ఆయన చెప్పారు. ఆ సంగతి పెద్దమ్మకు చెప్పి, దాంతోపాటు ఒక సలహా కూడా ఇచ్చాను. "ఎవరికీ చెప్పొద్దు పెద్దమ్మా. దయ్యాలే అనుకోనీ. చెబితే చిన్నమ్మ మళ్లీ నీ గడప తొక్కదు."

"నేను జేసిందాన్ని చచ్చినోళ్ల మీదికి నెట్టమంటావా?" అంది పెద్దమ్మ. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ తల వంగిపోతుంది.

ఆదివారం ఆమె వెంట నేనూ పోయాను. చిన్నమ్మ మేకల దొడ్డి దగ్గర కూర్చొని ఉంది. "నీ మేకల్ని దయ్యాలు జంపలే. నేనేసిన ఆకు జంపింది" అని పెద్దమ్మ నిలబడే చెప్పింది.

చిన్నమ్మ చాలాసేపు ఆమె మొహంలోకి చూసింది. "ఊరుకోక్కా. మా అమ్మ చీర గూడా ఆడనే ఉండాది. మిట్టమధ్యానం మా అమ్మే వచ్చి తోలకపోయింది. కళ్లారా జూసినా" అంది. ఆ చెప్పిన తీరుకు నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. పెద్దల ముందూ అదే చెప్పింది. చెట్లు కొడితే మా అమ్మకు నీడ పోతాదంది. మళ్లీ ఎవరూ గొడ్డలి పట్టలేదు.

అప్పటి నుంచి విరిగిన ప్రతి కొమ్మనూ పెద్దమ్మ ఒక్కతే మోకాటి లోతు గుంట తీసి పూడ్చేది. కూలోళ్లను పెట్టుకోమంటే వినేది కాదు. "దానికి ఎన్నిసార్లు జెప్పినా నమ్మదు రా. నన్ను తిట్టి పోసినా బాగుండు" అని ఒకసారి కళ్లనీళ్లు పెట్టుకుంది. మనం చేసిన తప్పును ఎదుటి మనిషి తప్పేనని ఒప్పుకోకపోతే ఎంత బరువో ఆమెలో చూశాను.

మూడో రోజు కార్యమయ్యాక అక్క అంది, అమ్మ పోయే ముందు ఆ పొద్దున కొమ్మలు కొట్టింది, అవి అట్లనే పడి ఉన్నాయేమో అని. నేనే పోయాను. మిట్టమధ్యాహ్నం. ఆకు కదలడం లేదు. లోపలెక్కడో మట్టి తవ్వుతున్న చప్పుడు. పెద్దమ్మ తవ్వినట్టే, రెండు దెబ్బలేసి కాస్త ఆగడం. పక్కనున్న చెట్టును పట్టుకొని ఆగాను. కాసేపటికి చెట్ల మధ్య తల మీద కొంగేసుకొని వంగిన వీపు కనిపించింది.

చిన్నమ్మ. కొమ్మలను గుంటలో పూడుస్తోంది.

"నువ్వు నమ్మలేదు కదా చిన్నమ్మా?" అన్నాను.

"మొదటి మేక పడ్డప్పుడే తెలుసు నాయనా. నోట్లో ఆ ఆకే ఉన్నింది. ఆ పొద్దు అక్క మొహం జూసినా. ఔనంటే ఆమె బతికేటట్టు లేదు. అందుకే మా అమ్మను అడ్డం పెట్టినా."

ఒక కొమ్మ తీసి గుంటలో పెట్టాను. "అయితే మీ అమ్మ కనబడిందన్నది అబద్ధమా?" అన్నాను.

ఆమె పార ఆపింది. "అది అబద్ధం గాదు" అంది.

గట్టు మీద ఆమె మేకలు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కటీ అరవడం లేదు. అవి మమ్మల్ని చూడటం లేదు, మా వెనక చెట్ల మధ్యలోకి చూస్తున్నాయి. మేమిద్దరం తల తిప్పకుండా మట్టి కప్పుతూ ఉన్నాం.