పక్క సీటు బరువు

ఖాళీ బండికి అలైన్‌మెంట్ చెయ్యమంటే లోడు బాబాయికి ఒళ్ళు మండిపోతుంది. ఆయన షెడ్డులో ముందు చక్రాలు సరిచేయించుకోవాలంటే, బండి రోజూ మోసే బరువంతా మోసుకుంటూ రావాలి. సామాను సరే, మనుషులు కూడా!

ఒకసారి బడి పంతులు కారు తెస్తే, "వెనక సీట్లో ఎవరు కూర్చుంటారు?" అని అడిగాడు.

"మా అమ్మ. ఎప్పుడైనా."

"తీసుకురండి."

ఆ పెద్దావిడ వచ్చి, పని జరిగినంతసేపూ కారులో హాయిగా గురక పెట్టింది. ఇంకొకాయన కుక్కను తెచ్చాడు. అది బాబాయి చెప్పు ఎత్తుకుపోయింది. "బరువు మాత్రం సరిపోయింది" అన్నాడు బాబాయి, ఒంటి చెప్పుతో నిలబడి.

అందుకే నర్సరీ నడిపే మొక్కలాయన తన భారీ పికప్ ట్రక్కు వెనక మట్టి బస్తాలు, కుండీలు నిండా ఎక్కించుకునే వచ్చాడు. బండి ఎడమకు లాగేస్తోంది. మొన్న అలాగే లాగి, తోట గేటుకు గీసుకుని, వరసగా పేర్చిన గులాబీ కుండీలను తొక్కేసింది. "మీ చూపు ఎటుందో!" అంది భార్య. "పక్కన నీ వాగుడు వింటూ తోలితే ఇంతే" అన్నాడాయన. మాటా మాటా పెరిగింది. ఆవిడ పక్క వీధిలోని అక్క ఇంటికి మకాం మార్చేసింది.

బాబాయి లోడు చూసి మెచ్చుకున్నాడు. తర్వాత పక్క సీటు వైపు చూశాడు.

"మీ ఆవిడేది?"

"పనుండి రాలేదు."

"రోజూ పక్కనే కూర్చుంటుందిగా?"

"ఇప్పుడు ఒక్కణ్ణే తోలుతున్నా" అనేసి మొక్కలాయన నాలిక కరుచుకున్నాడు.

బాబాయి కారణం అడగలేదు. "వెళ్ళి తీసుకురా" అన్నాడు.

"ఏనుగంత బండి! ఆవిడ బరువెంతని బాబాయ్?"

"అది నువ్వు చెప్పాలా, నేను చెప్పాలా?"

మొక్కలాయన కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళి వదినగారి గుమ్మం ముందు నిలబడ్డాడు. "నేను కాదు, బండి రమ్మంటోంది" అన్నాడు. ఆవిడ మూతి ముడిచింది. కానీ చెప్పులేసుకుంది.

ఇద్దరూ ఎక్కి చెరో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. బండి కింది నుంచి కేక వినిపించింది.

"అమ్మా, కాస్త లోపలికి జరుగు!"

ఆవిడ జరిగింది.

"ఇంకాస్త!"

ఇంకాస్త జరిగింది. భుజాలు తగిలాయి.

బాబాయి బయటికొచ్చి కిటికీలోంచి చెప్పాడు. "ఎడమ టైరు లోపలి అంచు అరిగి నున్నగా అయిపోయిందమ్మా. చక్రాలు రెండూ చెరో దారి చూస్తున్నాయి. బండికి ఆ గీతలు పడటం తోలేవాడి తప్పు కాదు. ఇన్నాళ్ళూ స్టీరింగు బలంగా కుడికి పట్టుకుని నెట్టుకొచ్చాడు, పాపం. ఇంకొంచెం మిగిలింది, దిగకండి."

మళ్ళీ కిందికి దూరాడు. టక్ టక్ మొదలైంది.

"భుజం నొప్పి అన్నది ఇందుకా?" అందావిడ మెల్లగా.

"నువ్వు మాట్లాడకపోతే దారి తోచట్లేదే" అన్నాడాయన, స్టీరింగు వైపు చూస్తూ.

అంతలో బాబాయి భార్య టీ గ్లాసులతో వచ్చి బండి కిందికి తొంగి చూసింది. "ఇదేంటయ్యా! ఈ అబ్బాయి పెళ్ళాం కోసం వెళ్ళినప్పుడే బండి పని అయిపోయిందన్నావుగా? ఇంకా ఏం కొడుతున్నావ్?"

టక్ టక్ ఆగిపోయింది. బండి కింద ఒక దగ్గు.

మొక్కలాయన నవ్వాపుకుంటూ తాళం తిప్పబోయాడు. భార్య ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"బాబాయ్, మాకేం తొందర లేదు" అంది కిందికి వంగి. "నిదానంగా కానివ్వండి."


టక్ టక్ మళ్ళీ మొదలైంది.