పోలేరమ్మ కళ్ళు, గౌస్ బాషా కోపం

గౌస్ బాషాకి కోపం వస్తే బ్రాడీపేట నాలుగో లైనులో గడియారాలన్నీ పది నిమిషాలు ముందుకు పరిగెత్తేవని చెప్పుకునేవారు. అది కొంత ఎక్కువే. ఐదు నిమిషాలకు మించి పరిగెత్తి ఉండవు.

ఆయన కొట్టు అంటే ఒక గాజుపెట్టె. మందుల షాపు అరుగు మీద, మనిషి మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేంత చోటు. కుడికంటికి భూతద్దం బిగించుకుని ముప్పై ఏళ్ళుగా వాచీలు బాగుచేస్తున్నాడు. అందులో పన్నెండేళ్ళు పక్క సందులోని చరిత్ర లెక్చరరు జానకిరామయ్య గారికి కళ్ళుగా కూడా పనిచేశాడు. ఆ పెద్దమనిషికి రోము దేశపు పాత వెండి నాణేలు పోగుచేసే పిచ్చి. కళ్ళకు శుక్లాలు కమ్మాక, సాయంత్రాలు వాటిని రుమాలులో తెచ్చి, "చూసి చెప్పవయ్యా బాషా" అనేవాడు.

బాషా చూసి చెప్పేవాడు. ముద్ర నడిమధ్యన పడిందా, పక్కకు జారిందా? చక్రవర్తి ముక్కు ఎంత అరిగింది? చుట్టూ అక్షరాలు ఎన్ని మిగిలాయి?

"అది ఆరోగ్యం. ఇక అందం చెప్పు" అనేవాడు లెక్చరరు.

అందం చెప్పడమే కష్టం. అవయవాలన్నీ ఉండీ చూడబుద్ధి కాని నాణెం ఉంటుంది. సగం అరిగీ చేతిలోంచి దించబుద్ధి కాని నాణెమూ ఉంటుంది. ఆ తేడా చాలాసార్లు పైన పట్టిన నలుపులో ఉంటుందని బాషా తన కంటితోనే కనిపెట్టాడు. వందల ఏళ్ళు మట్టిలో పడుకుని వెండి కట్టుకున్న చర్మం అది. దాన్ని తోమి ఊడబెరికేవాళ్ళంటే ఆయనకు ఒళ్ళుమంట. లెక్చరరు పోయాక కూడా ఆ మంట చల్లారలేదు.

ఎనభై ఆరు ఫిబ్రవరిలో ఒక పొద్దున, చిలకలూరిపేట పక్క పల్లె నుంచి చెంచురామయ్య అనే రైతు వచ్చాడు. తువ్వాలు కొంగున ముడి విప్పి ఒక బిళ్ల తీశాడు.

"సాయిబు గారూ, ఇది వెండేనా? మా ఊరి ఆచారి కాదంటున్నాడు."

బిళ్ల కొత్త స్టీలు గ్లాసులా తళతళలాడుతోంది. దాని మీద నుదుటికి ఆకుల దండ చుట్టుకున్న రోము చక్రవర్తి.

"దీన్ని తోమిందెవరండీ?"

"మా ఇంటిదేనండి. చింతపండు, బూడిద వేసి కొబ్బరిపీచుతో రుద్దింది. పెద్దోళ్ళ దగ్గరికి మురికిది తెస్తే బాగుంటదా?"

"మనిషి తోలు వలిచేసి, చూడండి ఎంత శుభ్రంగా ఉన్నాడో అన్నట్టుంది!" అని బాషా కేకేశాడు. మందుల షాపులో సుబ్బరావమ్మ గారు చేతిలో ఉన్న దగ్గుమందు సీసా జారవిడిచింది.

ఆయన భూతద్దం బిగించాడు. చక్రవర్తి చెంప మీద పాతకాలపు ఉలిగాటు, గాటు లోపల ఎర్రగా రాగి.

"ఎవడో దొంగ రాగిబిళ్లకు వెండి తొడుగు వేసి పడవెక్కించాడు. ఇక్కడి వర్తకుడు నమ్మలేదు, ఉలితో ఒకటిచ్చి చూశాడు. అప్పుడే పట్టుబడ్డ దొంగ సొమ్మండీ ఇది. ఇవి ఎన్ని దొరికాయి?"

"ఏడండి. మిరపచేలో బోదె తీస్తుంటే చిన్న ముంతలో దొరికినయ్. భూమిలో దొరికిన వెండి ఇంట్లో ఉంచుకోకూడదు కదా. కరిగించి పోలేరమ్మకి కళ్ళు చేయిస్తన్నాం. ఈ రాగిది ఆచారి పక్కన పెట్టాడు."

"కరిగించడం ఎప్పుడు?"

"ఈపాటికి కుంపటి రాజేసే ఉంటాడండి."

గౌస్ బాషా గాజుపెట్టెకు తాళం వేసి, చెంచురామయ్యను వెంటబెట్టుకుని బస్సెక్కాడు. విప్పిన వాచీ ఒకటి జేబులో టిక్కుటిక్కుమంటూనే ఉంది. ఎవరిదో కూడా చూసుకోలేదు. యడ్లపాడు దాటేదాకా బస్సులో తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. చింతచెట్టు పెంచినవాణ్ణి సైతం వదల్లేదు. కండక్టరు ఇంకో టిక్కెట్టు కొట్టాలా అని అడిగాడు, తిట్లకి.

చెంచురామయ్య కళ్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ ఘాటుకు, కోపంతో అరవబోయిన ప్రతిసారీ బాషాకి తుమ్ము వచ్చేది. పశువుల పాక నీడలో నాగలింగాచారి ఊదుగొట్టం పట్టుకుని కూర్చున్నాడు. కుంపటి పక్కన రేగిపండంత వెండి ముద్ద. నాలుగు నాణేలు అయిపోయాయి. రెండు మిగిలాయి.

"ఆపండి! ఇవి రెండువేల ఏళ్ళ నాటివి... హాఛ్!"

"చిరంజీవ!" అన్నాడు ఆచారి తాపీగా. "పాతదైతే ఇంకా తొందరగా కరుగుద్ది సాయిబూ."

చెంచురామయ్య భార్య వెంకటేశ్వరమ్మ మజ్జిగ చెంబుతో వచ్చింది. సంగతి విని కదలకుండా నిలబడింది.

"పోయినేడు పత్తిని తెల్లదోమ ఊడ్చేసింది అన్నయ్యా. ఈసారి మిరప నిలబడితే అమ్మకు కళ్ళు పెట్టిస్తానని మొక్కుకున్నా. మిరప నిలబడింది. ఆ చేలోనే వెండీ దొరికింది. ఇంకెవరిదనుకోమంటావ్?"

"మొక్కు తీర్చుకో తల్లీ, ఎవరు వద్దన్నారు? ఆఫీసువాళ్ళకి ఒక్క మాట చెప్పి ఉంటే..."

"చెబితే చేను చుట్టూ తాడు కడతారంట!" అన్నాడు చెంచురామయ్య. "నా కాయ కోసేదెవరు?"

బాషా వేలికి వెండి ఉంగరం ఉంది. రాయి ఊడదీసి జేబులో వేసుకుని ఉంగరం చాచాడు. "తూకానికి తూకం. దీన్ని కరిగించండి."

వెంకటేశ్వరమ్మ ఆలోచించి తలూపింది. "వెండికి వెండి అయితే అమ్మ ఏమీ అనుకోదు."

ఆచారి తక్కెడ ఎత్తాడు. "ఉంగరం ఒక్క బిళ్లకే సరిపోద్ది. ఇంకోటి పడకపోతే కన్ను చిన్నదైపోద్ది. ఏదో తేల్చుకో, బొగ్గు చల్లారిపోతంది."

బాషా రెండింటినీ అంచులు పట్టుకుని ఎండకు వాలుగా తిప్పాడు. మొదటిది లెక్చరరు గారు పదేళ్ళు వెతికినా దొరకనంత నిండుగా ఉంది. ముద్ర నడిమధ్యన పడింది. ముక్కు చెక్కు చెదరలేదు. వెనకవైపు కుర్చీలో కూర్చున్న స్త్రీ చీలమండ కూడా తెలుస్తోంది. కానీ కొబ్బరిపీచు గీతలు ముఖమంతా వర్షంలా పడ్డాయి. మెరుపు ఉందే తప్ప నీడ ఎక్కడా లేదు. పోత పోసిన బొమ్మలా ఉంది.

రెండోది సగం అరిగింది. అక్షరాలు ఐదు మిగిలాయి.

"అది ముసలి బిళ్ల అన్నయ్యా. ఆరు తోమేసరికి రెక్కలు నొప్పెట్టి వదిలేశా" అంది వెంకటేశ్వరమ్మ.

తోమలేదు కాబట్టి నలుపు అలాగే ఉంది. కనురెప్ప కింద, చెవి వెనక, మెడ మడతలో. ఎండలో తిప్పితే ఆ నలుపు అంచున నీలం కదిలింది. బిళ్ల మీది ముసలాయన ఏదో అనబోయి ఆగినట్టు కనిపించాడు.

"ఇది" అన్నాడు బాషా.

ఆచారి పకపకా నవ్వాడు. "నిగనిగలాడేది వదిలేసి ఈ బొగ్గుముక్కా! నీ చూపు పాడైంది సాయిబూ."

"నా చూపా! ముక్కూ చెవీ అన్నీ ఉన్న చక్రవర్తిని ఒక్క పూటలో శవం చేశారు మీరు. ఆయనకు ఆరోగ్యం ఉండేది, అందం ఉండేది. అందం తోమేశారు, ఆరోగ్యం కుంపట్లో వేస్తున్నారు. ఈయనకు మిగిలిందే అందం. అది కూడా మీ చేతుల్లో పెడతానా?"

ఆచారి పట్టుకారుతో మెరిసే నాణేన్ని తీసి మూసలో వేశాడు. బాషా ముఖం తిప్పుకోలేదు. ముందు దండలోని ఆకులు మెత్తబడ్డాయి. తర్వాత ముక్కు. వెనక ఉన్న స్త్రీ ఎప్పుడు పోయిందో కనిపించలేదు. ఆ తర్వాత ఆయన ఉంగరం పడింది.

"నల్లదాన్నీ, రాగిదాన్నీ రేపు మ్యూజియంలో ఇస్తాను" అన్నాడు ఆయన చెంచురామయ్యతో.

"మా పేరు మాత్రం చెప్పమాకండి."

"మీ పేరు చెప్పను. కరిగిపోయిన ఆ ఐదుగురి సంగతి మాత్రం కనబడ్డవాళ్ళందరికీ చెబుతాను!"

వెంకటేశ్వరమ్మ మజ్జిగ అందించింది. బాషా తీసుకోలేదు. రోడ్డు మీద బస్సు కోసం గంటసేపు ఎండలో నిలబడి, నాణెం అంచులు పట్టుకునే, ఆచారినీ చెంచురామయ్యనీ మిరప ఘాటునీ తిడుతూనే ఉన్నాడు. పోలేరమ్మను మాత్రం ఒక్క మాట అనలేదు. ఆవిడ ఎవరినీ ఏమీ అడగలేదని ఆయనకు తెలుసు.