పాట మధ్యలో ఇంగ

బంగారు గనుల దగ్గర, మా చాంపియన్ రీఫ్స్ కూలీల లైన్లో ఆర్కెస్ట్రా మామ ఒకాయన ఉండేవాడు. పగలు గనిలోకి దిగేవాడు, సాయంత్రం గిటారు తగిలించుకునేవాడు. పాటలో మాట మరిచిపోతే, మా వైపు మాటల్లో ఊరికే దొర్లే "ఇంగ"ను అక్కడ పెట్టి, తాళం తప్పకుండా సాగిపోయేవాడు.

అట్లాంటాయన పాత సినిమా కవుల మీద భక్తితో వాళ్ల పాటలు పాడి క్యాసెట్ చేసినాడు. పైన "కవులకు దండం" అని అచ్చేయించినాడు. లోపల పాటపాటకూ ఇంగలే. విరహంలో ఉన్న నాయిక వెన్నెలను కూడా "ఇంగ" అనే పిలిచింది.

క్యాసెట్ విడుదల చేసిన రోజు మా తెలుగు అయ్యవారు లేచి అడిగినాడు.

"ఏమప్పా, ఆ మహానుభావుల పాటల్లో ఈ ఇంగ యాడిది?"

"మాటలన్నీ వాళ్లవే సార్. గనిలో దిగేవాణ్ణి, ఊపిరి ఆడనిచోట ఇంగ పెట్టుకున్నా."

కొళాయి దగ్గర తగాదాల్లో ఆయన ఊపిరి ఎంతసేపు ఆడేదో మాకందరికీ తెలుసు. అయినా చప్పట్లు కొట్టినాము.

ఆ క్యాసెట్ మా ఇంట్లో టేపు అరిగేదాకా తిరిగింది. మొన్న రేడియోలో అసలు పాట వస్తే, మా అమ్మ పప్పుగుత్తితో పప్పు ఎనపడం ఆపి చివరిదాకా వినింది.

"పాపం, ఈయప్ప ఇంగ మరిచిపోయినాడు" అనింది.