చాచా వెతికిన బండి చప్పుడు

పోయిన శుక్రవారం నేను ఎమ్మిగనూరు బస్టాండులో ఉండగా మా అమ్మ ఫోను చేసింది. "మన చాచా పోయినాడప్పా. మసీదుకు పోదామని కాళ్ళు కడుక్కుంటా కడుక్కుంటా కూలబడినాడంట. బిరీన రా," అంది. నా చేతిలో ఇంకా పంచని కరపత్రాలు సగం కట్ట ఉన్నాయి. కార్మికుల గురించి పెద్ద పెద్ద మాటలున్న కరపత్రాలు. రాసింది నేనే. ఆ కట్టను బెంచీ మీదే వదిలేసి ఆదోని బస్సు ఎక్కాను. దారి పొడుగునా నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువ వచ్చింది. ఆ కోపం ఎవరి మీదో కాదు, నా మీదే. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

చాచా మాకు చుట్టం కాదు. మా ఇంటి గోడ, వాళ్ళింటి గోడ ఒకటే. మా వీధిలో ఇంటికొకరైనా పత్తి మిల్లులో పనిచేసినవాళ్ళే ఉంటారు. చాచా యాభై ఏళ్ళ పాటు జిన్నింగు మిషన్లకు పత్తి అందించాడు. గింజ ఒకవైపు, దూది ఒకవైపు వేరుపడే ఆ మిషన్ల ముందే ఆయన వయసంతా గడిచిపోయింది. సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చుని, కనుబొమల్లో ఇరుక్కున్న దూది పోగులను ఒక్కొక్కటే తీసి గాలిలోకి వదిలేవాడు. పని మానేశాక కూడా ఆ అలవాటు పోలేదు. దూది లేని కనుబొమలను వేళ్ళతో వెతుక్కుంటూ కూర్చునేవాడు.

మిషన్లు తిరుగుతున్నంతసేపూ మిల్లులో మాట వినపడదు. అక్కడ చేతులతోనే మాట్లాడుకుంటారు. బొటనవేలు నోటి దగ్గర పెడితే నీళ్ళు కావాలని. రెండు వేళ్ళు పెడితే బీడీ. పిడికిలి నెత్తిన పెడితే మేస్త్రీ వస్తున్నాడని. చాచా ఇంట్లోనూ ఇంతే. ఆయన భార్య చాచీ మా అమ్మతో ఎప్పుడూ అనేది, నిఖా నాడు కుబూల్ అని ఒప్పుకునే మాట కూడా ఈ మనిషి వేలితోనే చెప్పినాడని. చాచా ఆమె పెదాలవైపు చూసి నవ్వేవాడు.

నేను మాట్లాడినా అంతే, నా నోటినే చూస్తూ కూర్చునేవాడు. నేను పనిచేసే జిరాక్సు షాపుకు వచ్చే కరపత్రాలన్నీ చదివి, అందులోని సంగతులు అరుగు మీద ఆయనకు వినిపించేవాణ్ణి. మా ఇంట్లో నా ఉపన్యాసం మొదలైతే అందరూ లేచిపోయేవాళ్ళు. ఆయన మాత్రం లేచేవాడు కాదు. "నువ్వు గట్టిగా మాట్లాడతావు బేటా. అందుకే నువ్వంటే నాకిష్టం," అనేవాడు. నా ఆవేశం ఆయనకు నచ్చిందనుకుని పొంగిపోయేవాణ్ణి.

ఇక ఆ బండి సంగతి. మీరూ చూసే ఉంటారు. వెదురు పుల్లల బండి, రెండు చక్రాలు, మధ్యన చిన్న మట్టి మూకుడు. మూకుడు మూతికి కాగితం బిగించి ఉంటుంది. దారం పట్టి లాగితే చక్రాలు తిరిగి, రెండు పుల్లలు ఆ కాగితం మీద టకటక వాయిస్తాయి. చాచాకు ఏడెనిమిదేళ్ళప్పుడు వాళ్ళ నాయన ఉరుకుంద జాతరకు తీసుకుపోయాడు. ఆ బండి కావాలని అడిగితే, పోయేటప్పుడు కొందామన్నాడు. పోయేటప్పుడు బస్సు కదులుతోందని పరుగెత్తారు. బస్సులో ముందు సీటు పిల్లాడి చేతిలో ఆ బండి ఉంది. ఆదోని వచ్చేదాకా వాడు చక్రాన్ని వేలితో తిప్పుతూనే ఉన్నాడు, చాచా వింటూనే ఉన్నాడు. మరుసటి ఏడాది జాతర నాటికి నాయన లేడు. ఆ తర్వాత మిల్లే.

పని మానేశాక ఆయనకు మళ్ళీ ఆ బండి మీద మనసు పోయింది. "ఒక్కసారి నా చేత్తో లాగి, ఆ ఆవాజ్ వినల్ల బేటా. ఇంకేం లేదు," అన్నాడు. మొదట నాకు చిరాకేసింది. తాగే నీళ్ళకే దిక్కులేని ఊళ్ళో ముసలాయనకు బొమ్మ కావాల్సి వచ్చిందని మా అమ్మ దగ్గర విసుక్కున్నాను. తర్వాత నా బుర్రకు అది సిద్ధాంతంగా కనిపించింది. ప్లాస్టిక్కు వచ్చి చేతిపనిని మింగేసిందని, చాచా వెతుకుతున్నది బొమ్మను కాదు, దోచుకోబడిన బాల్యాన్ని అని ఒక పేజీ రాసి ఆయనకు చదివి వినిపించాను. నా నోటివైపు చూస్తూ అంతా విని, "బాగుండాది. బండి యాడ దొరుకుతాదో అది రాయలేదే," అన్నాడు.

మేమిద్దరం తిరగని జాతర లేదు. శ్రావణమాసంలో ఉరుకుంద, ఆ తర్వాత మాధవరం వైపు తిరునాళ్ళు, చలికాలంలో ఎమ్మిగనూరు. ప్లాస్టిక్కు తుపాకులు, లైట్లు వెలిగే బంతులు, రిమోటు కార్లు. మూడేళ్ళ కిందట ఎమ్మిగనూరులో ఒక మూల నిజంగానే ఆ బండి దొరికింది. అమ్మే ఆయన, "మనవనికా తాతా, నీకా?" అని ఎగతాళి చేశాడు. చాచా తడుముకోలేదు. "నాకేప్పా. మనవరాలికి వాళ్ళమ్మ సెల్లు ఉండాది," అన్నాడు. ఒంగి, దారం పట్టుకుని పదడుగులు లాగాడు. ఆగి, బండిని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి ఇచ్చేశాడు.

"ఇది కాదు బేటా. దాని ఆవాజ్ వేరే."

నేను అమ్మే ఆయన మీద విరుచుకుపడ్డాను. గాలిపటం కాగితం వేయాల్సిన చోట ఏదో అట్ట వేసి మోసం చేస్తున్నావన్నాను. ఆ మనిషి పాపం కాగితం విప్పి చూపించబోయాడు కూడా. నేను చూడలేదు. అప్పటినుంచి దొరికిన ప్రతి బండిదీ అదే కథ. చాచా లాగుతాడు, కాదంటాడు. నేను ఎవరో ఒకరితో తగువు పడతాను.

పోయిన శ్రావణంలో ఉరుకుందలో ఒక ముసలామె బండ్లు చేసి అమ్ముతోంది. చాచా లాగి, కాదన్నాడు. నేను నోరు తెరిచేలోపే ఆమె నన్నే అడిగింది: "మా యమ్మ ఇట్లే సేసేది. నేనూ ఇట్లే సేస్తాండాను. ఇంకో సప్పుడు యాడ్నుంచి తేవల్ల నాయనా?" నాకు కోపమే వచ్చింది. చాచా బస్సు వైపు పోయాక ఒక బండి కొని సంచిలో దాచుకున్నాను. బస్సులో ఆయనను దులిపేశాను. నీకు బండి అక్కరలేదు చాచా, వెతకడం కావాలి అన్నాను. నా ఆదివారాలన్నీ నాశనం చేశావని కూడా అన్నాను. ఆయన నా నోటినే చూసి, కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు.

మరునాడు పొద్దున ఆయన అరుగు మీద వీధివైపు మొహం పెట్టి కూర్చుని ఉన్నాడు. వెనకనుంచి పోయి ఆ బండి లాగాలనుకున్నాను. చూడకుండా వింటే ఒప్పుకుని తీరతాడు, అప్పుడు నిలదీద్దాం అని నా పట్టుదల. ఆయన వీపుకు రెండడుగుల దూరంలో, వాళ్ళింటి నాపరాళ్ళ మీద, ఈ చివరినుంచి ఆ చివరికి లాగాను. రాయి మీద అది ఎంత బాగా మోగిందో చెప్పలేను. ఎదురింటి పిల్లలు పరుగెత్తుకొచ్చారు. వంటింట్లోనుంచి చాచీ తొంగిచూసింది. చాచా కదల్లేదు. కనుబొమల్లో లేని దూదిని వెతుక్కుంటూ అట్లే కూర్చున్నాడు.

నేను మళ్ళీ లాగాను. ఇంకోసారి లాగాను.

ముందుకు పోయి, ఆయన కళ్ళ ముందు నిలబడి లాగాను. ఆయన ఎగిరి పడే పుల్లలను చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నా నోటివైపు చూసి, మెల్లగా అడిగాడు.

"మోగుతాందా?"

మోగుతోందని తలాడించాను. "ఎట్లా మోగుతాంది, సెప్పు," అన్నాడు. ఇన్ని కాగితాలు చదివినవాణ్ణి, ఇన్ని మైకుల ముందు అరిచినవాణ్ణి. ఆ ఒక్క చప్పుడు ఎట్లుంటుందో చెప్పడానికి నాకు మాట దొరకలేదు. ఆయన బండిని ఒళ్ళోకి తీసుకున్నాడు. "ఐతే ఎమ్మిగనూరుది కూడా ఇదేనేమో బేటా. అన్నీ ఇవేనేమో," అన్నాడు. చాచీ గడపలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మిల్లు గేటు దగ్గర నేను పంచిన మొట్టమొదటి కరపత్రంలో ఒక వాక్యం ఉంది, యంత్రాల రొద శ్రామికుల చెవులను బలి తీసుకుంటోందని. వేరే ఎవరో రాసిన దాంట్లోనుంచి ఎత్తి రాశాను. చాచాకే గట్టిగా చదివి వినిపించాను. ఆయన బాగుందన్నాడు. గోడకు గోడ ఆనుకుని ఇరవై ఏళ్ళు బతికినవాణ్ణి, నాకు తెలియలేదు. నాకే కాదు, చాచీకి కూడా తెలియలేదు. మా వీధిలో అందరూ అరిచినట్టే మాట్లాడతారు, అందరూ ఎదుటివాడి నోరు చూస్తారు, అందరూ చేతులు తిప్పుతారు. అందులో చెవుడు ఎట్లా కనపడుతుంది? కొత్తవాళ్ళు వస్తే ఎందుకట్లా గొడవ పడుతున్నారని అడుగుతారు. ఇది గొడవ కాదు, మాటలే అని మేం నవ్వేవాళ్ళం.

చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. సన్నని చప్పుళ్ళు ముందు పోతాయని, నరం చచ్చిందని, చెవికి మిషను పెట్టుకున్నా ఆ చప్పుడు తిరిగి రాదని అన్నాడు. మిల్లు ఆఫీసుకు పోయి బల్ల గుద్దాను. వయసైనవాళ్ళకు ఇట్లాంటివి మామూలే అన్నారు. బయట నిలబడి ఉన్న చాచాకు ఏం చెప్పాలో తెలియక నేను అరుస్తుంటే, ఆయన నా భుజం పట్టుకుని పక్కకు తీసుకొచ్చాడు. "ఇడిసిపెట్టు బేటా. గట్టిగా అరిస్తే నాకు ఇనిపిస్తాది. వాళ్ళకు ఇనిపించదు," అన్నాడు.

ఆ తర్వాత మేం ఏ జాతరకూ పోలేదు. ఆయనా అడగలేదు. బండిని గూట్లో పెట్టుకున్నాడు. నేను మాత్రం అరుగు మీదికి పోవడం తగ్గించాను. పోతే మొహం చూపించాలి కదా. ఆయనకు నేను బాకీ పడిన మాటలు చాలా ఉన్నాయి. ఎమ్మిగనూరులో ఆ బండ్లాయనకూ, ఉరుకుంద ముసలామెకూ కూడా ఉన్నాయి. చాచాకు చెప్పే దారి ఇక లేదు.

మూడో రోజు సమాధి దగ్గర జియారత్ ప్రార్థన అయ్యాక మగవాళ్ళందరూ వీధిలో అరుగుల మీద కూర్చున్నారు. మిల్లు మానేసిన పెద్దవాళ్ళు, ఇంకా మిల్లుకు పోతున్నవాళ్ళు, పది పన్నెండు మంది. తుగ్గలి నుంచి వచ్చిన చాచా మనవరాలు గూట్లోనుంచి ఆ బండి తీసుకుని అరుగు మీదికి వచ్చింది. దారం పట్టి వాళ్ళ వీపుల వెనకగా ఆ చివరిదాకా లాక్కుంటూ పోయింది, మళ్ళీ లాక్కుంటూ వచ్చింది. టకటకా మోగుతూనే ఉంది. నేను గోడకు ఆనుకుని నిలబడి ఒక్కొక్కరినే చూస్తున్నాను. ఒక్క తల కూడా తిరగలేదు.